మూడంగుళాల గురికి ఎంత రైఫిల్ కావాలి?

అమెరికా నడిమధ్య గడ్డిమైదానాల్లో, సౌత్ డకోటా నుంచి మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కా, కాన్సస్ దాకా, ప్రెయిరీ డాగ్ అనే ఉడుత జాతి జంతువు నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతుంది. వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడితే అడుగు ఎత్తుంటుంది. వెడల్పు మూడంగుళాల పైచిలుకు. పశువులకు దక్కాల్సిన గడ్డి తినేస్తుందని, బొరియల్లో గుర్రాల కాళ్ళు పడి విరుగుతాయని అక్కడి రాంచ్ యజమానులకు దాని మీద కోపం. వచ్చి కాల్చుకుంటామని అడిగే వేటగాళ్ళను చాలామంది తమ భూముల్లోకి రానిస్తారు. తూర్పు రాష్ట్రాల్లో సోయా, కూరగాయల పంటల మీద పడే గ్రౌండ్‌హాగ్, పడమట అల్ఫాల్ఫా చేలల్లో తిరిగే గ్రౌండ్ స్క్విరల్, దాదాపు దేశమంతటా కనిపించే, నక్కలాంటి కొయోటీ కూడా ఈ కోవలోవే. వీటి వేటనే అక్కడ వార్మింట్ హంటింగ్ అంటారు.

ఈ జంతువులన్నిటినీ ఎక్కడపడితే అక్కడ కాల్చవచ్చని కాదు. యూటా ప్రెయిరీ డాగ్ సమాఖ్య చట్టం కింద రక్షిత జాతి. సౌత్ డకోటాలో, ముంగిసను పోలిన నల్లకాళ్ళ ఫెర్రెట్లను తిరిగి వదిలిన కొనాటా బేసిన్‌లో మామూలు ప్రెయిరీ డాగ్‌ని కూడా ముట్టుకోకూడదు, ఎందుకంటే ఫెర్రెట్‌కి అదే ఆహారం, దాని బొరియే ఇల్లు. లైసెన్సు, సీజన్, భూమి ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు రాష్ట్రాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇక తుపాకీ విషయం. జింక వేటకు పనికొచ్చే రైఫిల్ ఇక్కడ ఎందుకు చాలదన్నది ముందు తేల్చుకోవాలి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, తొమ్మిది అంగుళాల వెడల్పు ఉంటుంది. సీజన్ మొత్తంలో ఒకటి రెండు తూటాలు పేలిస్తే పని అయిపోతుంది. ప్రెయిరీ డాగ్ దగ్గర గురి మూడంగుళాలు, దూరం 200 నుంచి 400 గజాలు, ఒక్క రోజులో పేలే తూటాలు రెండు మూడు వందలు. అంటే రైఫిల్‌ని అడిగేవి రెండు: చిన్న గురిని కొట్టడం, వేడెక్కాక కూడా అదే గురిని కొట్టడం. దుకాణంలో మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. సొమ్ము పోయేది మాత్రం రెండోదాని దగ్గర.

కచ్చితత్వం లెక్కలు

అమెరికాలో రైఫిల్ కచ్చితత్వాన్ని ఎంఓఏలో (మినిట్ ఆఫ్ యాంగిల్) కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 100 గజాల దూరంలో అది 1.047 అంగుళాలు, 300 గజాల దగ్గర 3.14 అంగుళాలు. ప్రెయిరీ డాగ్ వెడల్పూ ఇంచుమించు అంతే కాబట్టి ‘ఒక ఎంఓఏ రైఫిల్ ఉంటే 300 గజాల దాకా ఢోకా లేదు’ అనే మాట బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ అందులో రెండు మెలికలున్నాయి.

మొదటిది, ఆ ఎంఓఏని ఎన్ని తూటాలతో కొలిచారన్నది. కంపెనీలు హామీలు ఎక్కువగా మూడు తూటాల గ్రూపు మీద ఇస్తాయి. గ్రూపు అంటే ఒకే గురికి కాల్చిన తూటాల చిల్లుల్లో బాగా ఎడంగా పడ్డ రెంటి మధ్య దూరం. వెదర్‌బీ వాన్‌గార్డ్‌కి ఇచ్చిన హామీ 100 గజాల దగ్గర మూడు తూటాలు 0.99 అంగుళంలో పడతాయని. తూటాలు పెరిగేకొద్దీ గ్రూపు పెరుగుతుంది. అది రైఫిల్ లోపం కాదు, సంభావ్యత గణితం. మూడు తూటాల గ్రూపు సగటున ఒక అంగుళం వచ్చే రైఫిల్‌కి అయిదు తూటాలతో సగటు 1.27 అంగుళాలు, పది తూటాలతో 1.58 అంగుళాలు వస్తుంది. రైఫిల్ అదే, తూటా అదే, కాల్చినవాడూ అతనే. అందుకని ఎవరైనా మూడు తూటాల చిల్లులు ఒకదాన్నొకటి అంటుకున్న కాగితం చూపించి మురిసిపోతుంటే, ఆ రోజు కాల్చిన మిగతా కాగితాలు కూడా చూపించమని అడగాలి.

రెండో మెలిక ఇంకా ముఖ్యమైంది. గ్రూపు వెడల్పు, గురి వెడల్పు సమానమైతే ప్రతి తూటా తగులుతుందని అర్థం కాదు. అయిదు తూటాల గ్రూపు సగటున ఒక ఎంఓఏ వచ్చే రైఫిల్, గాలి లేని రోజున, దూరం సరిగ్గా తెలిసి, ఆసరా కదలకుండా ఉంటే, 300 గజాల దగ్గరి మూడంగుళాల వృత్తాన్ని నూటికి 66 సార్లు తాకుతుంది. ముప్పావు ఎంఓఏ రైఫిల్ 85 సార్లు తాకుతుంది. అర ఎంఓఏ రైఫిల్ 98 దాటుతుంది. ఒకటి నుంచి ముప్పావుకి వస్తే దక్కేది ఎక్కువ, ముప్పావు నుంచి అరకి వస్తే దక్కేది తక్కువ. డబ్బు లెక్క మాత్రం తలకిందులు. ముప్పావు ఎంఓఏ ఈ రోజుల్లో దుకాణంలో దొరికే మామూలు రైఫిల్‌కి, దానికి సరిపడ్డ తూటాకి అందే దూరంలోనే ఉంది. అర ఎంఓఏ నమ్మకంగా, రోజూ, పది తూటాలతో కావాలంటే ఖర్చు రెండు మూడింతలవుతుంది.

పైన ‘గాలి లేని రోజున’ అన్నాం. గడ్డిమైదానంలో అలాంటి రోజు దొరకడం అరుదు. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ల బరువు కొలిచే ప్రమాణం) వి-మ్యాక్స్ అనే బుల్లెట్ .223 రెమింగ్టన్ అనే రకం తూటా నుంచి సెకనుకు 3,240 అడుగుల వేగంతో బయల్దేరితే, గంటకు 10 మైళ్ళ పక్కగాలి 300 గజాల దగ్గర దాన్ని పది అంగుళాలకు పైగా పక్కకు తోస్తుంది. గాలి 10 మైళ్ళుంటే 8 అనుకున్నా చాలు, తూటా రెండంగుళాలు పక్కన పడుతుంది. జంతువు మధ్య నుంచి అంచుకి ఉన్నది ఒకటిన్నర అంగుళమే. ఆ తప్పుతో అర ఎంఓఏ రైఫిల్ ఒక ఎంఓఏ రైఫిల్ కంటే ఇంకాస్త నమ్మకంగా గురి తప్పుతుంది, దాని తూటాలన్నీ పొందిగ్గా జంతువు పక్కనే పడతాయి కాబట్టి. రైఫిల్ మీద అదనంగా పెట్టే అయిదారు వందల డాలర్లు గాలిని చదవడం నేర్పవు. అదే డబ్బుతో కొన్న తూటాలు నేర్పుతాయి.

చవక రైఫిల్ ఎలా బాగుపడింది

ముప్పై నలభై ఏళ్ళ కిందట చవక రైఫిల్ అంటే ఒకటిన్నర, రెండు ఎంఓఏ అని సరిపెట్టుకునేవారు. ఇప్పుడు 400 నుంచి 600 డాలర్ల మధ్య దొరికే రైఫిళ్ళలో చాలావరకు నచ్చిన తూటా పడితే ఒక ఎంఓఏ లోపు కాలుస్తాయి. కారణం ఏదో ఒక కొత్త లోహం కాదు. ఎక్కడ మనిషి చేతి పని ఖరీదు అవుతుందో అక్కడ ఆ పనే అక్కర్లేకుండా చేసిన డిజైన్లు.

ఈ దారిలో ముందు నడిచింది రెమింగ్టన్. మైక్ వాకర్ బృందం 1948లో తెచ్చిన 721, 722 మోడళ్ళలో రిసీవర్, అంటే బ్యారెల్, బోల్ట్ అమరే లోహపు భాగం, గుండ్రటి గొట్టం. గుండ్రటి వస్తువుని లేత్ మీద తిప్పి చేయడం తేలిక, చవక, పైగా తిన్నగా వస్తుంది. వెనక్కి తన్నే బలాన్ని ఆపే రికాయిల్ లగ్‌ని విడిగా పలకలా చేసి, బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య బిగించారు. 1962లో వచ్చిన మోడల్ 700 దాని వారసుడే. వార్మింట్ వేటగాళ్ళు దశాబ్దాల పాటు దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు.

సావేజ్ 110 కథ ఇంకా ఆసక్తికరం. నికొలస్ బ్రూవర్ డిజైన్ చేసిన ఈ రైఫిల్ 1958లో వచ్చింది. మామూలుగా బ్యారెల్‌ని రిసీవర్‌లోకి బిగించేటప్పుడు, తూటాని వెనక నుంచి మూసే బోల్ట్ ముఖానికీ తూటా కూర్చునే ఛాంబర్‌కీ మధ్య దూరం, అంటే హెడ్‌స్పేస్, అంగుళంలో వెయ్యో వంతుల్లో సరిపోవాలి. అందుకోసం అనుభవమున్న పనివాడు బ్యారెల్ భుజాన్ని కొద్దికొద్దిగా కోస్తూ, బిగించి చూస్తూ, మళ్ళీ కోస్తూ పోవాలి. బ్రూవర్ ఆ భుజాన్నే తీసేశాడు. బ్యారెల్ మరని పొడుగ్గా కోసి, దాని మీద ఒక నట్ ఎక్కించాడు. ఛాంబర్‌లో కొలత గేజ్ పెట్టి బోల్ట్ మూస్తారు, బ్యారెల్‌ని గేజ్ తగిలే దాకా చేత్తో తిప్పుతారు, అక్కడ నట్ బిగిస్తారు. అంతే, హెడ్‌స్పేస్ కుదిరింది. బోల్ట్ తల కూడా విడి ముక్క, కొద్దిగా కదులుతుంది. అందువల్ల బోల్ట్ మూసినప్పుడు దాన్ని రిసీవర్‌లో బిగించి పట్టే రెండు లగ్గులూ తమంతట తామే సమంగా ఆనుకుంటాయి. ఖరీదైన రైఫిల్‌లో ఇదే సమానత కోసం పనివాడు లగ్గుల్ని పొడి పూసి రుద్దుతాడు. ఖర్చు తగ్గించడానికి చేసిన ఏర్పాటు కచ్చితత్వానికి కూడా కలిసొచ్చింది.

ఆ నట్ వార్మింట్ వేటగాడికి మరో విధంగా కలిసొస్తుంది. బ్యారెల్ అరిగిపోయాక కొత్తదాన్ని గన్‌స్మిత్ దగ్గరికి పంపకుండానే, నట్ రెంచి, రెండు గేజ్‌లు, బ్యారెల్ పట్టుకునే వైస్ ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. వేలకొద్దీ తూటాలు కాల్చేవాడికి ఇది చిన్న విషయం కాదు. సావేజ్ మీద ఈ వర్గానికి ఉన్న అభిమానంలో సగం దీనివల్లే అనుకోవచ్చు. ఆ రైఫిల్ అందం చూసి మాత్రం ఎవరూ కొనరు.

మిగిలిన సగం ట్రిగ్గర్ వల్ల. ప్రమాదాలు, కోర్టు దావాల భయంతో అమెరికన్ కంపెనీలు చాలాకాలం ట్రిగ్గర్‌ని ఆరేడు పౌన్ల బరువుకి బిగించి పంపేవి. తొమ్మిది పౌన్ల రైఫిల్‌ని ఆరు పౌన్ల బలంతో లాగితే గురి కదలక ఏం చేస్తుంది? 2000ల మొదట్లో సావేజ్ తెచ్చిన అక్యుట్రిగ్గర్‌లో ట్రిగ్గర్ మధ్యలో పల్చటి రేకు ఉంటుంది. వేలు దాన్ని నొక్కితే తప్ప, పేల్చే పిన్నుని ఆపి ఉంచే సియర్ విడుదల కాదు. కాబట్టి కొన్నవాడే బరువుని ఒకటిన్నర పౌను దాకా తగ్గించుకున్నా, రైఫిల్ కింద పడినా పేలదు. మిగతా కంపెనీలు కొద్ది ఏళ్ళలోనే ఇలాంటివే తేవాల్సి వచ్చింది. మధ్యతరగతి రైఫిల్‌లో మంచి ట్రిగ్గర్ మామూలు విషయం అయింది అక్కడి నుంచే.

2012లో వచ్చిన రూగర్ అమెరికన్ స్టాక్‌లో (రైఫిల్‌ని పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) రిసీవర్ ఆనుకునే చోట వి ఆకారపు లోహపు దిమ్మెలు పెట్టి, రిసీవర్‌ని స్టాక్‌లో కదలకుండా కూర్చోబెట్టే బెడ్డింగ్ అనే చేతిపనిని తప్పించింది. ఫిన్‌లాండ్‌లో సాకో కర్మాగారం చేసే టిక్కా, జపాన్ హోవా కంపెనీ చేసే 1500 ఇంకో దారిలో వెళ్ళాయి. యంత్రాల మీద భారీగా పెట్టుబడి పెట్టి, సుత్తి దెబ్బలతో బ్యారెల్‌ని లోపలి రైఫ్లింగ్‌తో (బుల్లెట్‌ని తిప్పే మెలి గాడులు) సహా చల్లగానే రూపుదిద్దుతాయి. బోల్ట్ వెనక్కి లాగి చూస్తే టిక్కాకీ, 400 డాలర్ల రైఫిల్‌కీ తేడా తెలిసిపోతుంది. ఒకటి జారుతుంది, ఇంకొకటి గీసుకుంటూ కదులుతుంది. కాగితం మీద చిల్లుల్లో ఆ తేడా అంతగా కనిపించదు.

చవకతనం బయటపడే చోటు

బ్యారెల్, రిసీవర్, ట్రిగ్గర్ బాగున్నాక కంపెనీ డబ్బు మిగుల్చుకునేది స్టాక్ దగ్గరే. సావేజ్ యాక్సిస్ లాంటి రైఫిల్ ముందు భాగాన్ని రెండు వేళ్ళతో బ్యారెల్ వైపు నొక్కితే ప్లాస్టిక్ వంగి బ్యారెల్‌కి తగులుతుంది. జింక వేటలో చేత్తో పట్టుకుని కాల్చేవాడికి అది పట్టదు. వార్మింట్ వేటలో రైఫిల్ ఎప్పుడూ బైపాడ్ అనే రెండు కాళ్ళ ఆసరా మీదో ఇసుక సంచి మీదో ఉంటుంది. ముందుకు ఒరిగి బైపాడ్ మీద బరువు వేసినప్పుడల్లా స్టాక్ ఒక్కో తీరుగా వంగుతుంది, బ్యారెల్ ఒక్కో చోట తగులుతుంది, గ్రూపు చెదురుతుంది. దీన్ని దుకాణంలోనే పరీక్షించుకోవచ్చు. ఒక డాలర్ నోటు మడిచి బ్యారెల్ కింద దూర్చి రిసీవర్ దాకా లాగాలి. రైఫిల్‌ని బైపాడ్ మీద పెట్టి, పైనుంచి కాస్త బరువు వేసి మళ్ళీ లాగాలి. రెండోసారి నోటు ఇరుక్కుంటే స్టాక్ మార్చాల్సిందే, లేదా ముందు భాగాన్ని లోపల నుంచి గట్టిపరచాలి. సౌత్ డకోటాలోని మిచెల్ పట్టణంలో ఉన్న బాయిడ్స్ కంపెనీ అతుకుల చెక్కతో చేసే స్టాకులు చవక రైఫిళ్ళలో చాలావాటికి సరిపోతాయి. 400 డాలర్ల రైఫిల్‌కి అలాంటి స్టాక్ వేస్తే ధర 600 చేరుతుంది. అప్పుడు మొదటే గట్టి స్టాక్‌తో వచ్చే హోవానో, సావేజ్ 110 వార్మింటో కొంటే సరిపోయేది కదా అన్న ప్రశ్న వస్తుంది. చాలామందికి సరైన జవాబు అదే.

బ్యారెల్ మందం విషయంలో ఒక అపోహ ఉంది. బరువైన బ్యారెల్ దానంతట అది ఎక్కువ కచ్చితం కాదు. సన్న బ్యారెల్ కూడా మొదటి మూడు తూటాలు అంతే చక్కగా వేస్తుంది. తేడా పదో తూటా దగ్గర వస్తుంది. సన్నటిది త్వరగా కాగి, లోహంలో మిగిలిన ఒత్తిళ్ళ వల్ల కొద్దిగా వంగి, తూటాల్ని ఒక పక్కకు నడిపిస్తుంది. లావు బ్యారెల్ నిదానంగా కాగుతుంది. నిదానంగానే చల్లారుతుంది కూడా, ఈ సంగతి మరిచిపోయి చాలామంది దాన్ని మాడ్చేస్తారు. కాగిన బ్యారెల్ మీంచి లేచే వేడిగాలి తెరలు స్కోపు (గురి చూసే దుర్భిణి) ముందు గురిని అలల్లా ఆడిస్తాయి. అందుకే అనుభవజ్ఞులు ఒక ఖరీదైన రైఫిల్ బదులు రెండు మామూలువి తెచ్చుకుని, ఒకటి చల్లారేలోపు ఇంకొకటి కాలుస్తుంటారు. బొరియల దగ్గర బల్ల వేసుకుని కూర్చుని కాల్చేవాడికి 26 అంగుళాల లావు బ్యారెల్, తొమ్మిది పది పౌన్ల బరువు వరమే. కొయోటీ కోసం రోజూ మైళ్ళు నడిచేవాడికి అదే శిక్ష. అతనికి రూగర్ అమెరికన్ ప్రిడేటర్ లాంటి ఆరేడు పౌన్ల రైఫిల్ చాలు. అతను రోజుకి కాల్చేది నాలుగు తూటాలు.

తూటా ఎంపికే అసలు ఎంపిక

వార్మింట్ తూటాల చరిత్ర ఒక వేగపు పిచ్చి చరిత్ర. 1935లో వించెస్టర్ .220 స్విఫ్ట్ తెచ్చి 48 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపింది. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ వేగం తగ్గించి కచ్చితత్వానికి పేరు తెచ్చుకుంది. దాని పొడిగింపే 1964 నాటి .223 రెమింగ్టన్. ఎన్నో ఏళ్ళుగా వ్యక్తులు సొంతంగా చేసుకుంటున్న .22-250ని రెమింగ్టన్ 1965లో తన ఖాతాలో వేసుకుంది. 2004లో .204 రూగర్ 32 గ్రెయిన్ల బుల్లెట్‌తో మళ్ళీ వేగం బాట పట్టి 4,200 దాటింది.

మొదటి రైఫిల్ కొనేవాడికి వీటిలో .223 తప్ప మరొకటి ఎంచుకోవడానికి బలమైన కారణం ఉండాలి. .22-250 అదే 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకు 3,680 అడుగుల వేగంతో పంపుతుంది. మార్గం చదునుగా ఉంటుంది, నిజమే. కానీ లేజర్ దూరమాపిని, తిప్పితే గురి సరిపోయే స్కోపుని చేతిలో పెట్టుకున్నాక, తూటా ఎంత కిందికి దిగుతుందన్నది సమస్య కాదు. తెలియనిది గాలి. 10 మైళ్ళ పక్కగాలికి 300 గజాల దగ్గర .22-250 తొమ్మిది అంగుళాల పైన, .223 పదిన్నర అంగుళాలు పక్కకు పోతుందని లెక్క చెబుతోంది. అంత పెద్ద తూటా గొట్టం పెట్టి, అంత మందు కాల్చి సంపాదించింది ఒకటిన్నర అంగుళం. అందుకు చెల్లించేది ఒకటిన్నర నుంచి రెండింతల తూటా ధర. దానికి తోడు బ్యారెల్. అదే సన్నటి రంధ్రం గుండా ఒకటిన్నర రెట్లు మందు మండితే ఛాంబర్ ముందుండే గొంతు భాగం త్వరగా పగుళ్ళు బారుతుంది. తీరిగ్గా కాలిస్తే .223 బ్యారెల్ అనేక వేల తూటాలు పనిచేస్తుంది. ప్రెయిరీ డాగ్ ఊళ్ళో ఎడాపెడా కాల్చిన .22-250 బ్యారెల్ అందులో సగానికే చేతులెత్తేయవచ్చు. 400 గజాలు దాటి కాల్చాలనుకునేవారికి, కొయోటీ మీద ఒక్క తూటాతో పని ముగించాలనుకునేవారికి .22-250 సరైనదే. రోజుకి మూడు వందల తూటాలకు కాదు.

ఇళ్ళకు దగ్గర్లో, 150 గజాల లోపు గ్రౌండ్ స్క్విరల్ కోసం .17 హెచ్‌ఎంఆర్ ఉంది. 2002లో వచ్చిన ఈ రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే) తూటా చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. గాలి వీస్తే దాని 17 గ్రెయిన్ల బుల్లెట్ మీద ఆశ వదులుకోవాలి.

.223 అని నిర్ణయించుకున్నాక చూడాల్సింది బ్యారెల్ లోపలి మెలిక. పాత రెమింగ్టన్ 700లలో రైఫ్లింగ్ 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. సావేజ్ యాక్సిస్‌లో 9 అంగుళాలకు, రూగర్ అమెరికన్ ప్రిడేటర్‌లో 8 అంగుళాలకు ఒక చుట్టు. పొడవాటి బరువు బుల్లెట్లకు వేగమైన మెలిక కావాలి, తేలిక బుల్లెట్లకు నిదానమైంది చాలు. తేలిక బుల్లెట్‌ని వేగంగా తిప్పితే ఏమవుతుంది? 3,300 అడుగుల వేగంతో 12 అంగుళాల మెలిక దాటిన బుల్లెట్ నిమిషానికి 1,98,000 చుట్లు తిరుగుతుంది. 8 అంగుళాల మెలికలో అదే బుల్లెట్ 2,97,000 చుట్లు. వార్మింట్ బుల్లెట్లలో బాగా పల్చటి తొడుగు ఉన్నవి ఆ వేగానికి గాల్లోనే చిట్లిపోవచ్చు, కాగితం మీద చిల్లుకు బదులు బూడిద రంగు మరక పడుతుంది. వి-మ్యాక్స్, బ్లిట్జ్‌కింగ్ లాంటివి తట్టుకుంటాయి. మరోపక్క, కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. చచ్చిన జంతువుల్లో మిగిలిన సీసపు తునకలు తిని కాండోర్ రాబందులు చనిపోతుండడమే దానికి మూలం. రాగి బుల్లెట్ అదే బరువుకి సీసం కంటే పొడుగ్గా ఉంటుంది, దానికి వేగమైన మెలిక అవసరం. ఈ రెంటినీ కలిపి చూస్తే ఇప్పుడు కొనే .223కి 8 లేదా 9 అంగుళాల మెలికే తెలివైన ఎంపిక.

బడ్జెట్ ఎక్కడ పెట్టాలి

మొత్తం 1,200 డాలర్లు ఉన్నాయనుకుంటే, అందులో రైఫిల్‌కి 550 దాటనివ్వకపోవడం మంచిది. స్కోపుకి 350 దాకా పెట్టవచ్చు. పారలాక్స్ (కన్ను కదిలితే గురి కదిలినట్టు కనిపించే దోషం) సర్దుకునే వీలు, తిప్పిన ప్రతిసారీ అదే చోటికి వచ్చే టరెట్, అంటే గురి సర్దే గుండీ, ఉండాలి. 24 రెట్లు పెద్దగా చూపిస్తుందని మురిసిపోనక్కర్లేదు, మధ్యాహ్నం ఎండలో నేల మీంచి లేచే సెగకి 14 దాటితే బురదనీళ్ళలో చూసినట్టే. స్కోపుని రైఫిల్‌కి బిగించే రింగులు, రైలు దగ్గర పొదుపు చేసినవాడు ఆ తర్వాత నెలల తరబడి రైఫిల్‌ని తిట్టుకుంటాడు. మిగిలింది తూటాలకు. మూడు రోజుల యాత్రలో 600 తూటాలు కాలిస్తే, ఫ్యాక్టరీ .223కి కూడా అటూ ఇటూగా చవక రైఫిల్ ధర అంత అవుతుంది. రెండో యాత్ర నాటికే తూటాలు రైఫిల్‌ని మించిపోతాయి. చవక అన్న మాటను రైఫిల్ ధర చీటీ మీద కాక ఇక్కడ కొలవాలి.

పాత రైఫిల్ కొనడం కూడా దారే, ముఖ్యంగా రెమింగ్టన్ 700. అయితే 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను, వేలు పెట్టకుండానే పేలే ప్రమాదం ఉందని, కంపెనీ 2014లో వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు చూసి, ట్రిగ్గర్ మార్చారో లేదో తేల్చుకోకుండా తీసుకోకూడదు. వార్మింట్ రైఫిల్ పాతదైతే బ్యారెల్ లోపల బోర్‌స్కోపుతో చూడాలి. గొంతు దగ్గర ఎండిన చెరువు నేలలా పగుళ్ళు కనిపిస్తే, ధరలోంచి కొత్త బ్యారెల్ ఖరీదు తీసేసి బేరమాడాలి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు దుకాణానికి వెళ్ళే ముందు వీసా సంగతి చూసుకోవాలి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకోవడానికీ ఇదే వర్తిస్తుంది. స్నేహితుడి రైఫిల్‌తో సరదాగా రెండు తూటాలు కాల్చి, వీసా మీదికి తెచ్చుకోవడం నిజంగా జరగగల పని. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు గానీ రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ముందే అడగడం మేలు. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో ఈ సరదాకి చోటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదపు వేటను మూసేసింది. వేరుశనగ, మొక్కజొన్న చేలు దున్నేసే అడవిపందినైనా అధికారుల అనుమతి లేకుండా కాల్చడం నేరం.

కొన్న రైఫిల్‌ని మొదటిసారి రేంజ్‌కి తీసుకెళ్ళేటప్పుడు ఒకే రకం తూటాలు పెద్ద పెట్టెడు కొనకూడదు. మూడు నాలుగు రకాలు, వేర్వేరు బరువులవి, ఒక్కో చిన్న పెట్టె చొప్పున తీసుకుని, ఒక్కోదానితో అయిదు తూటాల గ్రూపులు రెండేసి, మధ్యలో బ్యారెల్ చల్లారనిస్తూ కాల్చాలి. ఒకే రైఫిల్‌లో ఒక రకం ముప్పావు అంగుళం, ఇంకో రకం రెండు అంగుళాలు వేయడం మామూలే. నచ్చినదాన్ని అదే లాట్ నంబరుతో పెద్దమొత్తంలో కొనుక్కోవాలి. ఏదీ నచ్చలేదంటే ముందు టార్క్ రెంచితో స్టాక్ స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత రింగులు, రైలు చూడాలి. తర్వాత బాగా కాలుస్తుందని తెలిసిన ఇంకో రైఫిల్ మీది స్కోపు దీనికి పెట్టి చూడాలి. ఆ తర్వాత బ్యారెల్‌ని రాగి మరక పోయేదాకా కడిగి, మూతి అంచున గాటు ఉందేమో భూతద్దంతో చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా తూటాలు చెదురుతుంటే, కాల్చిన కాగితాలు జతపరిచి రైఫిల్‌ని కంపెనీకి తిప్పి పంపవచ్చు. కాగితాలతో వచ్చిన ఫిర్యాదుని తోసిపుచ్చడం కంపెనీకీ కష్టమే.